సెకండ్ హ్యాండ్ పెర్ఫార్మెన్స్ సెడాన్ కొంటున్నారా? పెయింట్ కాదు, ముందు లాగ్ చదవండి

"బ్రో, డాక్టర్ గారి బండి. సింగిల్ ఓనర్. 46 వేలే తిరిగింది. సర్వీస్ మొత్తం షోరూమ్‌లోనే."

పోయిన ఏడాది నా రూమ్మేట్‌తో కలిసి హైదరాబాద్‌లో ఒక యూజ్డ్ కార్ల షాపుకి వెళ్తే మొదట వినిపించిన మాటలు ఇవి. ఎదురుగా తళతళా మెరుస్తున్న తెల్లటి టర్బో పెట్రోల్ సెడాన్. అడుగుతున్న రేటు కొత్త దాని ధరలో సగం కూడా లేదు. మావాడి దగ్గర ఉన్నది నాలుగేళ్లుగా దాచుకున్న డబ్బు, మిగతాది లోన్. టోకెన్ అడ్వాన్స్ పంపడానికి అప్పటికే యూపీఐ యాప్ తెరిచి పట్టుకున్నాడు.

నేను జేబులోంచి చిన్న ఓబీడీ అడాప్టర్ తీసి స్టీరింగ్ కింద ఉన్న పోర్ట్‌లో పెట్టాను. ఫాల్ట్ కోడ్స్ సున్నా. డీలర్ నవ్వాడు. కానీ యాప్‌లో ఇంకో లైన్ ఉంది: కోడ్స్ చెరిపేసినప్పటి నుంచి తిరిగిన దూరం, 38 కి.మీ. అంటే 46 వేల కిలోమీటర్లు తిరిగిన బండికి గుర్తున్నది ఆఖరి 38 కిలోమీటర్లే.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇస్తే సంతోషిస్తాం. కార్ విషయంలో మాత్రం అది అనుమానించాల్సిన విషయం. ఆ లైన్ ఎలా చదవాలి, దాని తర్వాత ఏం చూడాలి, కొన్నాక బండిని ఎలా కాపాడుకోవాలి అనేది ఈ ఆర్టికల్‌లో ఒక్కో స్టెప్ చూద్దాం. ఉదాహరణగా బీఎండబ్ల్యూ 3 సిరీస్ తీసుకుంటున్నా. మన దగ్గర యూజ్డ్ మార్కెట్‌లో స్పీడ్ కోసం వెతికేవాళ్లు ఎక్కువగా చూసే సెడాన్లలో అదొకటి. పద్ధతి మాత్రం ఆడి, మెర్సిడెస్, వోల్వో ఏదైనా ఒకటే.

ముందు లెక్క: బండి రేటు పడుతుంది, పార్ట్స్ రేటు పడదు

బీఎండబ్ల్యూ ఎం340ఐ మన దేశంలో 2021 మార్చిలో లాంచ్ అయింది. ఎక్స్-షోరూమ్ ధర 62.90 లక్షలు. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్, 387 హెచ్‌పీ, 500 ఎన్ఎం, 0 నుంచి 100కి 4.4 సెకన్లు. ఇలాంటి బండి వారంటీ అయిపోగానే రేటు వేగంగా పడిపోతుంది. కారణం కూడా సింపుల్: బిల్లులకు భయపడి కొనేవాళ్లు తగ్గిపోతారు.

కానీ బ్రేక్ డిస్క్‌కి, హెడ్‌ల్యాంప్‌కి, సస్పెన్షన్ ఆర్మ్‌కి మీరు బండి ఎంతకి కొన్నారో తెలియదు. మీరు కట్టేది సగం ధర అయినా, పార్ట్స్ మాత్రం 63 లక్షల బండివే. ఆయిల్ సంగతే చూడండి. ఎం340ఐ ఇంజిన్‌కి ఒక ఆయిల్ చేంజ్‌కి 6.5 లీటర్ల సింథటిక్ ఆయిల్ పడుతుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి అందులో దాదాపు సగం సరిపోతుంది.

అందుకే నేను పాటించే రూల్: కొన్న ధరలో 15 శాతం మొదటి ఏడాది రిపేర్లకు పక్కన ఉండాలి. మీ దగ్గర మొత్తం 25 లక్షలు ఉంటే మీ బడ్జెట్ 25 లక్షలు కాదు. 21 లక్షల దగ్గర ఆగండి. ఆ మిగులు లేకుండా కొంటే మొదటి పెద్ద బిల్లుకే క్రెడిట్ కార్డ్ తీయాల్సి వస్తుంది. బండి అమ్మేద్దామన్నా చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతున్న బండికి రేటు రాదు.

బ్యాడ్జ్ కాదు, ఇంజిన్ కోడ్ చూడండి

గెలాక్సీ ఎస్ సిరీస్‌లో ఒకే పేరుతో స్నాప్‌డ్రాగన్ వేరియంట్, ఎక్సినోస్ వేరియంట్ వచ్చినట్టు, కార్లలోనూ పేరు ఒకటే ఉండి లోపల ఇంజిన్ మారిపోతుంది.

ఎఫ్30 అనే పాత తరం 3 సిరీస్‌లో మొదట వచ్చిన 328ఐలో ఎన్20 అనే 2 లీటర్ల టర్బో ఇంజిన్ ఉంటుంది, 245 హెచ్‌పీ. బాగా పరుగెత్తే ఇంజినే. కానీ 2015కి ముందు తయారైన వాటిలో టైమింగ్ చైన్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్స్ అరిగి విరిగిపోవడం తెలిసిన సమస్య. గైడ్ విరిగి చైన్ జారితే వాల్వ్‌లు పిస్టన్లకు తగులుతాయి. ఆ తర్వాత మాట్లాడాల్సింది రిపేర్ గురించి కాదు, ఇంజిన్ మార్చడం గురించే. ఆ తర్వాత వచ్చిన 330ఐలో బీ48 అనే కొత్త ఇంజిన్ పెట్టారు, 252 హెచ్‌పీ. తర్వాతి తరం జీ20 330ఐలో అదే కుటుంబానికి చెందిన ఇంజిన్ 258 హెచ్‌పీ, 400 ఎన్ఎం ఇస్తుంది. ఎం340ఐలో ఉండేది బీ58.

కాబట్టి యాడ్‌లో 2014 మోడల్ ఎన్20 బండి చౌకగా కనిపిస్తే "ఎందుకు చౌక?" అని కాకుండా "చైన్, గైడ్స్ మార్చారా? బిల్లు ఉందా?" అని అడగండి. మార్చిన బిల్లు ఉంటే అదే బండి మంచి డీల్ కావచ్చు.

20 నిమిషాల ఓబీడీ చెక్

కావాల్సినవి: ఒక ఓబీడీ2 అడాప్టర్, ఫోన్‌లో కార్ స్కానర్ లేదా టార్క్ లాంటి యాప్. ఐఫోన్ వాడేవాళ్లు గమనించండి: పాత క్లాసిక్ బ్లూటూత్ అడాప్టర్లు ఐఫోన్‌లో పని చేయవు. బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై మోడల్ తీసుకోవాలి.

1. కోడ్స్ ఎప్పుడు చెరిపారు?
ఓబీడీ అంటే మామూలు రిక్వెస్ట్-రెస్పాన్స్ ప్రోటోకాలే. యాప్ టెర్మినల్‌లో 01 31 అని పంపితే బండి 41 31 00 26 అని జవాబిచ్చిందనుకోండి. 41 అంటే మోడ్ 01కి జవాబు. 31 మీరు అడిగిన అంశం. చివరి రెండు బైట్లు హెక్సాడెసిమల్‌లో దూరం. 26 హెక్స్ అంటే 38 కి.మీ. ఇందాక చెప్పిన బండిలో నేను చూసింది ఇదే. అలాగే 01 30 పంపితే, కోడ్స్ చెరిపాక ఇంజిన్ ఎన్నిసార్లు చల్లారి మళ్లీ వేడెక్కిందో చెబుతుంది. 01 21 పంపితే చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుండగా ఎంత దూరం నడిపారో వస్తుంది. యాప్‌లు వీటిని మామూలు పేర్లతో కూడా చూపిస్తాయి. అన్ని బండ్లూ అన్ని జవాబులూ ఇవ్వవు, అది గుర్తుంచుకోండి.

2. రెడీనెస్ మానిటర్లు
కోడ్స్ చెరిపేస్తే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ లాంటి సెల్ఫ్ టెస్టులు కూడా "ఇన్‌కంప్లీట్" స్థితికి వెళ్తాయి. మళ్లీ పూర్తవ్వాలంటే బండి సిటీలో, హైవే మీద రకరకాల స్పీడుల్లో తిరగాలి. 46 వేలు తిరిగిన బండిలో సగం మానిటర్లు ఇన్‌కంప్లీట్ అని వస్తే, ఎవరో ఈ మధ్యే చెరిపారన్నమాట.

3. వీఐఎన్ సరిపోయిందా?
మోడ్ 09 ద్వారా ఇంజిన్ కంప్యూటర్‌లో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబర్ చదవొచ్చు. దాన్ని బండి మీద చెక్కిన నంబర్‌తో, ఆర్‌సీతో పోల్చండి. తేడా ఉంటే ఇంజిన్ కంప్యూటర్ వేరే బండిది. ఎందుకు మార్చాల్సి వచ్చిందన్నదానికి సరైన జవాబు, బిల్లు ఉండాలి. లేకపోతే అక్కడితో ఆపేయండి.

4. ఫ్యూయెల్ ట్రిమ్
పెట్రోల్ బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ చూడండి. ప్లస్ లేదా మైనస్ 5 శాతం లోపు ఉంటే బాగున్నట్టు. 10 దాటితే ఎక్కడో గాలి లీకో, సెన్సర్ లోపమో, ఇంజెక్టర్ సమస్యో ఉంది. కంప్యూటర్ దాన్ని సర్దుకుంటూ నడిపిస్తోంది.

ఒక పరిమితి కూడా చెప్పాలి. మామూలు ఓబీడీ యాప్ ప్రధానంగా ఇంజిన్, ఎమిషన్ వైపే చూస్తుంది. గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ మాడ్యూల్స్ చదవాలంటే బీఎండబ్ల్యూకి బిమ్మర్‌లింక్ లాంటి బ్రాండ్ యాప్ కావాలి. లేదా వర్క్‌షాప్‌లో ఇస్టా సాఫ్ట్‌వేర్‌తో ఫుల్ స్కాన్ చేయించాలి. ఆ స్కాన్‌లో ఫాల్ట్ ఎన్ని కిలోమీటర్ల దగ్గర నమోదైందో కూడా కనిపిస్తుంది. మీటర్ 46 వేలు చూపిస్తుంటే పాత ఫాల్ట్ ఒకటి 71 వేల దగ్గర నమోదై ఉంటే ఇక మీకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

మా కేసులో డీలర్ చెప్పిన జవాబు: "బ్యాటరీ మార్చాం బ్రో, అందుకే." నిజమే అయ్యుండొచ్చు. కొన్ని బండ్లలో బ్యాటరీ తీసినా ఇవి రీసెట్ అవుతాయి. అందుకే గొడవ పెట్టుకోలేదు. "సరే అన్నా, టెస్ట్ డ్రైవ్‌లకి ఇస్తూ ఉండు. ఒక 200 కిలోమీటర్లు అయ్యాక వచ్చి చూస్తాం" అని వచ్చేశాం. పది రోజుల తర్వాత వెళ్తే డ్యాష్‌బోర్డ్ మీద పసుపు లైట్. కోడ్ పీ0303, అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. కారణం స్పార్క్ ప్లగ్ కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. లోపల కంప్రెషనే పోయి ఉండొచ్చు. వేల రూపాయల నుంచి లక్షల దాకా ఏదైనా కావచ్చు. మావాడు ఆ షాపు నుంచి ఖాళీ చేతులతో బయటికొచ్చాడు. ఆ రోజు బాధపడ్డాడు కానీ డబ్బు మాత్రం అకౌంట్‌లోనే ఉంది.

కళ్లతో, చెవులతో చూడాల్సినవి

- కోల్డ్ స్టార్ట్: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామనండి. చైన్ చప్పుడు, పొగ, ఐడిల్ వణుకు చల్లటి ఇంజిన్‌లోనే బయటపడతాయి.
- టైర్ల వయసు: టైర్ పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. 20 వేలే తిరిగిందంటున్న బండికి రెండో సెట్ టైర్లు ఎందుకు పడ్డాయో అడగండి.
- నీళ్లలో మునిగిన బండి: 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ వరదలు మనందరికీ గుర్తే. సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద తడి, హెడ్‌ల్యాంప్ లోపల ఆవిరి గమనించండి. 3 సిరీస్‌లో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి ఆ గుంత కూడా తెరిచి చూడాలి.
- గేర్‌బాక్స్: వేడెక్కాక ట్రాఫిక్‌లో 1-2-3 గేర్ల మధ్య కుదుపు, రివర్స్ పడటంలో ఆలస్యం ఉన్నాయేమో చూడండి.
- ఇంజిన్ కింద లీక్: ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్, వాల్వ్ కవర్ గాస్కెట్లు వయసుతో గట్టిపడి లీక్ అవుతాయి. లిఫ్ట్ మీద ఎక్కించి చూస్తేనే కనిపిస్తుంది.
- ట్యూనింగ్: మార్కెట్ ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ ఉంటే ఈసీయూ కూడా మార్చి ఉండొచ్చు. అమ్మే ముందు స్టాక్ మ్యాప్‌కి తిప్పేయడం కష్టం కాదు. ఎక్కువ బూస్ట్‌తో నడిచిన ఇంజిన్ అరుగుదల మాత్రం వెనక్కి తిరగదు.

ఇవన్నీ మీరే చేసినా, చివరికి ఆ బ్రాండ్ తెలిసిన ఇండిపెండెంట్ మెకానిక్‌కి ఫీజు ఇచ్చి లిఫ్ట్ మీద చూపించండి. డీలర్ ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

పేపర్లు: చౌక బండి ఎక్కడ ఖరీదవుతుంది

పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల ఢిల్లీ నుంచి లగ్జరీ కార్లు ఇక్కడికి చాలా వస్తాయి. రేటు చూసి టెంప్ట్ అవ్వడం సహజం. కానీ వేరే రాష్ట్రం బండిని ఇక్కడ రిజిస్టర్ చేయాలంటే ఫారం 28 ఎన్ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ మీరు కొన్న రేటు మీద కాదు, బండి అసలు ధర, వయసు బట్టి లెక్కిస్తారు. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆర్‌టీఏలో ఎంత పడుతుందో కనుక్కోండి. చాలాసార్లు ఢిల్లీ బండికి, లోకల్ బండికి ఉన్న తేడా అక్కడే కరిగిపోతుంది.

ఓనర్‌షిప్ మార్పుకు ఫారం 29, 30 కావాలి. లోన్ ఉన్న బండి అయితే ఫారం 35తో హైపోథికేషన్ తీయించాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్చుకోండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ బండితో పాటు మీకు రాదు, అది ఓనర్‌కి చెందినది.

ఇన్సూరెన్స్‌లో ఇంకో మెలిక: జీరో డెప్రిసియేషన్ కవర్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బర్ భాగాలకు 50 శాతం కోత పడుతుంది. బంపర్ ప్లాస్టిక్కే కదా. చాలా కంపెనీలు పాత బండికి ఈ కవర్ ఇవ్వవు. కొనకముందే కోట్ తీసుకుని చూడండి. నీళ్లు వెళ్లి ఇంజిన్ పాడైతే పనికొచ్చే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ కూడా అడగండి.

కొన్నాక: మొదటి నెల, ఆ తర్వాత

పాత ఓనర్ ఏం చేశాడో పూర్తిగా తెలియదు కాబట్టి మొదటి నెలలోనే బేస్‌లైన్ సెట్ చేసుకోవాలి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చేసి కిలోమీటర్లతో సహా ఒక షీట్‌లో రాసుకోండి.

ఇంజిన్ ఆయిల్: ఈ ఇంజిన్లలో కొన్నిటికి మామూలు డిప్‌స్టిక్ ఉండదు. అలాంటప్పుడు లెవెల్ స్క్రీన్ మీదే చూడాలి. నెలకోసారి చూసే అలవాటు చేసుకోండి. ఏడాదికోసారి లేదా 8-10 వేల కి.మీ.కి, ఏది ముందైతే అప్పుడు మార్చేయడం మన ట్రాఫిక్‌కి మంచిది.

గేర్‌బాక్స్ ఆయిల్: "లైఫ్‌టైమ్ ఫిల్, మార్చక్కర్లేదు" అనే మాట మీకు తప్పక వినిపిస్తుంది. కానీ ఈ 8-స్పీడ్ గేర్‌బాక్స్ తయారు చేసే జెడ్ఎఫ్ కంపెనీ స్వయంగా 80 వేల నుంచి 1.2 లక్షల కి.మీ. మధ్యలో, లేదా 8 ఏళ్లకి ఆయిల్ మార్చమంటుంది. ఫిల్టర్ ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మారుతుంది. ఖర్చు ఎక్కువే. కానీ గేర్‌బాక్స్ రిపేర్‌తో పోలిస్తే తక్కువ.

బ్యాటరీ: బీఎండబ్ల్యూలో బ్యాటరీ మార్చి ఊరుకుంటే సరిపోదు, దాన్ని కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయాలి. బ్యాటరీ వయసు పెరిగే కొద్దీ బండి చార్జింగ్ తీరు మారుస్తుంది. కొత్తది పెట్టామని చెప్పకపోతే ముసలి బ్యాటరీకి చేసినట్టే కొత్తదాన్నీ చార్జ్ చేస్తుంది. ఈ పని బ్రాండ్ యాప్‌తో మీరే చేసుకోవచ్చు.

టైర్లు: 225/50 ఆర్17 టైర్ పక్క గోడ ఎత్తు దాదాపు 112 మి.మీ. 225/45 ఆర్18కి 101. 225/40 ఆర్19కి 90 మాత్రమే. రిమ్ పెద్దదయ్యే కొద్దీ గుంతకి, రిమ్‌కి మధ్య ఉన్న దిండు పలచనవుతుంది. మన రోడ్లకి చిన్న రిమ్ ఉన్న బండే నయం. ఎం340ఐలో ముందు 225, వెనక 255 వెడల్పు టైర్లు కాబట్టి ముందూ వెనకా మార్చుకోవడం కుదరదు. పైగా అది ఆల్ వీల్ డ్రైవ్. ఒక్క టైర్ పగిలిందని ఒక్కటే కొత్తది వేస్తే అరుగుదల తేడా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం వేస్తుంది. రన్‌ఫ్లాట్లు వచ్చిన బండిలో స్టెప్నీ ఉండకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి.

పెట్రోల్: 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండి అయితే ఎంత శాతం ఇథనాల్ తట్టుకుంటుందో ఓనర్ మాన్యువల్‌లో చూసుకోండి. ఆక్టేన్ నంబర్ ఫ్యూయెల్ మూత లోపలి స్టిక్కర్ మీద ఉంటుంది.

ఎవరు కొనాలి, ఎవరు ఆగాలి

కొనొచ్చు: పక్కన 15 శాతం ఉన్నవాళ్లు, రోజూ నడపడానికి ఇంకో బండి లేదా మెట్రో ఉన్నవాళ్లు, పార్ట్ వచ్చేదాకా బండి రెండు వారాలు వర్క్‌షాప్‌లో ఉన్నా పని ఆగనివాళ్లు.

ఆగండి: ఈఎంఐ జీతంలో సరిగ్గా సరిపోయేవాళ్లు, ఇంట్లో ఇదొక్కటే బండి అయ్యేవాళ్లు, స్కాన్ చేయనివ్వని డీలర్ దగ్గర "ఈ రేటు మళ్లీ రాదు" అనే మాటకి తొందరపడేవాళ్లు.

మావాడు ఇంకో మూడు నెలలు వెతికాడు. చివరికి కొన్న బండి ఆ తెల్లదాని కంటే పాతది, పవర్ కాస్త తక్కువ, బంపర్ మీద గీతలు కూడా ఉన్నాయి. కానీ ప్రతి సర్వీస్ బిల్లు ఫైల్‌లో ఉంది, కోడ్స్ చెరిపి 11 వేల కి.మీ. దాటింది, మానిటర్లన్నీ కంప్లీట్. మొదటి ఏడాదిలో నాలుగు టైర్లు, బ్యాటరీ, గేర్‌బాక్స్ ఆయిల్ పడ్డాయి. పక్కన పెట్టిన డబ్బులో సగానికి పైగా అయిపోయింది. అయినా ఒక్క బిల్లుకీ అప్పు చేయలేదు. ఇప్పటికీ ప్రతి నెలా ఒకటో తారీఖున స్కాన్ చేసి షీట్‌లో ఒక లైన్ రాస్తాడు. రేపు అతను ఆ బండి అమ్మితే, కొనేవాడికి ఇచ్చే ఫైల్‌లో ఆ షీట్ కూడా ఉంటుంది.